తడి గరిటె ఎవరు పెట్టారు? పాత కాపురం మీద టీవీ హాస్యం నడిచే తీరు

ఆషాఢ శుద్ధ త్రయోదశి నాడు పూరీలో జగన్నాథుడు రథం దిగి గుడిలోకి రాబోతే లక్ష్మీదేవి తలుపు వేయించేస్తుంది. కారణం అందరికీ తెలిసిందే. అన్నగారిని వెంటబెట్టుకున్నాడు, చెల్లెల్ని వెంటబెట్టుకున్నాడు, పెళ్ళాన్ని మాత్రం ఇంట్లో వదిలేసి గుండిచా గుడికి వెళ్ళిపోయాడు. మధ్యలో హేరా పంచమి నాడు ఆవిడ పల్లకీలో అక్కడిదాకా వెళ్ళి, ఆయన రథం నందిఘోష చెక్క ఒకటి విరిపించి, వేరే సందులోంచి తిరిగొచ్చేసింది కూడా. ఇప్పుడు తలుపు బయట ఆయన తరఫు సేవకులు, లోపల ఆవిడ తరఫు వాళ్ళు. మాటకు మాట. చివరికి రసగోళ (మనం రసగుల్లా అనేది) లోపలికి చేరాకే తలుపు తెరుచుకుంటుంది.

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో ఈ సంగతి పిల్లలకీ తెలుసు. వైకుంఠ ఏకాదశి వెళ్ళిన ఆరో రోజున తిరుమలలో జరిగే ప్రణయ కలహోత్సవమూ తెలుసు. అక్కడ అమ్మవార్ల తరఫున స్వామి మీదికి పూలబంతులు విసురుతారు. రెండు వైపుల దేవుళ్ళూ సంసారులే కావడం ఈ సరిహద్దు జిల్లాల వాళ్ళకి దక్కిన భాగ్యం.

గమనించాల్సింది ఇది. జగన్నాథుడు 'పై ఏడు నిన్నూ తీసుకెళ్తాను' అని మాటివ్వడు. ఆవిడా ఆ మాట రాబట్టదు. రసగోళతో ఈ ఏటికి సరి. పై ఏడు మళ్ళీ రథం కదులుతుంది, మళ్ళీ తలుపు మూసుకుంటుంది. ఏళ్ళ తరబడి సాగిన కాపురం మీద వచ్చే టీవీ కామెడీకి కావలసిన ఎముకల గూడు మొత్తం ఇందులో ఉంది. తీరని గొడవ ఒకటి, దాని వెనక పాత పద్దు, చుట్టూ సాక్షులు, చివర క్షమాపణ అనే మాట లేకుండా క్షమాపణ చేరవేసే వస్తువు. ఈ నాలుగింట్లో ఏది కుంటుపడినా నవ్వు రాదు. ఎక్కువగా కుంటుపడేది పద్దు. ఈ వ్యాసం బరువంతా అక్కడే పెడుతున్నాం.

తీరే గొడవ, తీరని గొడవ

సినిమా ప్రేమకథ పెళ్ళి పందిట్లో ఆగిపోతుంది. టీవీ కామెడీ ఆ పందిరి విప్పేసిన పాతికేళ్ళకి మొదలవుతుంది. అప్పటికి పెద్ద ప్రశ్నలన్నీ తేలిపోయి ఉంటాయి. వీళ్ళిద్దరూ విడిపోరని చూసేవాడికి తెలుసు. మరి కూర్చుని చూడడం ఎందుకు?

ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంత సేపు అంటాం. నిజమే, గింజ జారుతుంది. అయితే మర్నాడు అదే అద్దం మీద అదే గింజ పెడతారు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ దంపతుల్ని ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పిన లెక్క ప్రకారం భార్యాభర్తల తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ తీరనివి. సుఖంగా ఉన్న జంటల్లోనూ అంతే. స్వభావాల తేడా వల్ల పుట్టినవి కాబట్టి తీరవు. ఆయన ముందే ఊరికి తయారై కూర్చుంటాడు, ఆవిడ గుమ్మం దాటాక గ్యాస్ కట్టేశానా అని వెనక్కి వెళ్తుంది. ఇది పాతికేళ్ళ క్రితమూ ఉంది, రేపూ ఉంటుంది.

రాసేవాళ్ళు మొదట చేసే తప్పు తీరే గొడవని పట్టుకోవడం. కొత్త ఫ్రిజ్ కొనాలా వద్దా అన్నది తీరే గొడవ. కొంటారు, అయిపోతుంది. 'నువ్వు ఏ వస్తువూ తీసిన చోట పెట్టవు' అన్నది తీరని గొడవ. ఫ్రిజ్ కథ రాయాలనుకుంటే దాని కింద తీరనిది ఏముందో వెతకాలి. ఆయన బేరం ఆడకుండా కొనలేడు, ఆవిడ బేరం ఆడితే తలెత్తుకోలేదు. అది దొరికితే ఫ్రిజ్ బదులు ఏ వస్తువు పెట్టినా ఎపిసోడ్ నడుస్తుంది.

వస్తువు ఎంత చిన్నదైతే అంత మంచిది. అమెరికాలో 1996 నుంచి 2005 దాకా తొమ్మిది సీజన్లు నడిచిన 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్'లో 2003 నాటి ఎపిసోడ్ ఒకటి ఉంది. భార్యాభర్తలు ఊరినించి వచ్చి పెట్టెని మెట్ల మీద వదిలేస్తారు. పైకి ఎవరు మోయాలి? ఇద్దరూ మోయరు. వారాలు గడుస్తాయి. కథ అంతే. పెట్టె బరువుకి విలువ లేదు, 'ఈసారి కూడా నేనేనా' అన్న ప్రశ్నకి ఉంది. అదే ఎపిసోడ్‌లో అత్తగారు తన వంటింటి గోడకి వేలాడే పెద్ద చెక్క గరిటె, ఫోర్కు కథ చెబుతుంది. అవి ఆవిడకీ మామగారికీ మధ్య ఎప్పటిదో పంతానికి గుర్తు. చూసేవాళ్ళకి ఏళ్ళుగా ఆ గోడ మీద కనిపిస్తున్న వస్తువు ఒక్కసారిగా పద్దు అయిపోతుంది. ఆ ఎపిసోడ్ రచనకి ఎమ్మీ అవార్డు ఇచ్చారు. నూటికి నూరుపాళ్ళూ తగినదానికే ఇచ్చారు.

పద్దు

కొత్త దంపతులు గొడవ పడితే ఆ గొడవ మాత్రమే ఉంటుంది. పాత దంపతులు గొడవ పడితే ఇప్పటి గొడవ ఒక వంతు, పాతవి తొమ్మిది వంతులు. 'మీ పిన్ని కూతురి పెళ్ళిలో మీరు చేసింది మర్చిపోలేదు' అన్న వాక్యంలో ఉన్న బలం అదే. ఆ పెళ్ళిలో ఏం జరిగిందో మనకి పూర్తిగా చెప్పనక్కర్లేదు. ఆయన ముఖం చూపిస్తే చాలు.

తెలుగులో దీన్ని టీవీ కంటే చాలా ముందే పట్టుకున్నవారు మునిమాణిక్యం నరసింహారావు. 1898లో పుట్టిన ఈ బడిపంతులు రాసిన కాంతం కథల్లో మొగుడు తెలివైనవాణ్ణనుకుంటాడు, కాంతం అతన్ని ఒక్క మాటతో కూర్చోబెడుతుంది. ఆ మాట వెనక ఎప్పుడూ పాత అనుభవం ఉంటుంది. మొగుడే కథ చెబుతూ తన ఓటమిని ప్రేమగా ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలే ఆ కథలకి ప్రాణం. ఇప్పటికీ దాంపత్య హాస్యం రాయాలనుకునే తెలుగువాళ్ళు మొదట చదవాల్సింది అవే.

టీవీ విషయానికొస్తే తెలుగులో పద్దుని ఎక్కువ కాలం నిలబెట్టింది 'అమృతం'. 2001 నవంబరు 18న జెమినీలో మొదలై 2007 నవంబరు దాకా ఆదివారాలు నడిచింది, 313 ఎపిసోడ్లు. అమృతం పాత్రని శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. అయినా సంజీవినితో అతని కాపురం తెగలేదు. ఎందుకంటే పద్దు నటుడి దగ్గర లేదు, పాత్ర దగ్గరా చూసేవాళ్ళ దగ్గరా ఉంది. అందులో అసలు జంట అమృతం, అతని స్నేహితుడు ఆంజనేయులేనని, భార్యలు వాళ్ళ తెలివితక్కువ పథకాలకి అడ్డుకట్టలని అనేవాళ్ళున్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ప్రతి పథకమూ చివరికి ఇంటి గుమ్మం దగ్గరే బయటపడేది, భార్య ఎదుటే. దాంపత్యం అక్కడ న్యాయస్థానంలా పనిచేసింది.

మన వైపు ఇంకొక సంగతి ఉంది, బయటివాళ్ళు రాసిన కామెడీల్లో దొరకనిది. మేనరికం. మేనబావని చేసుకున్న ఇంట్లో పద్దు పెళ్ళి రోజున మొదలవదు, లాగూలు తొడుక్కునే వయసులో మొదలవుతుంది. 'నా జీడిపప్పులు నువ్వు తినేశావు' అన్న ఫిర్యాదుకి నలభై ఏళ్ళు. అత్తగారు పుట్టింటి నుంచే తెలిసిన మేనత్త. ఆవిడ మీద కోపం వస్తే పుట్టింటికి చెప్పుకోవడానికి లేదు, పుట్టిల్లూ అదే. పక్కింటి ఒడియా వాళ్ళకి మేనమామ కొడుకంటే అన్నదమ్ముడి వరస. 'ఆయన మా బావ' అని పెళ్ళికి ముందు వరస చెబితే వాళ్ళు పడే ఆశ్చర్యం, అది విప్పి చెప్పలేక వీళ్ళు పడే అవస్థ మూడు నాలుగు నిమిషాల సన్నివేశానికి చాలు. పిలుపు కూడా పనికొస్తుంది. నలుగురిలో 'ఏమండీ', కోపం పెరిగితే 'ఏమండీ గారూ', ఎవరూ లేనప్పుడు 'బావా'. ఏ పిలుపు ఎప్పుడు పడిందో చూసేవాడు గుర్తుపెట్టుకుంటాడు. దాన్ని ఎపిసోడ్ మొత్తం దాచి చివర్లో ఒక్కసారి వాడితే ఎన్ని డైలాగులు రాసినా రానిది వస్తుంది.

ఒక ఎపిసోడ్ విప్పి చూద్దాం

అరగంట స్లాటు అంటే అరగంట కాదు. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకి పన్నెండు నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు, అంటే అరగంటలో ఆరు. టైటిల్సు, గత వారం ముక్క, వచ్చే వారం ముక్క తీసేస్తే చేతికి ఇరవై రెండు నిమిషాలు. నిమిషానికి ఒక పేజీ లెక్కన ఇరవై రెండు పేజీలు. రెండు సెట్లు, ఐదారుగురు మనుషులు. అంతకు మించితే ఎవరి పద్దూ కట్టలేరు.

కల్పించిన జంటని తీసుకుందాం. బరంపురంలో పట్టు చీరల దుకాణం నడిపే అప్పలరాజు, వరలక్ష్మి. మేనరికం, ముప్పై ఏళ్ళ కాపురం. వస్తువు: ఆవకాయ జాడీ.

మొదటి రెండు నిమిషాలు. వరలక్ష్మి జాడీ వాసెన విప్పుతుంది. పైన తెల్లగా బూజు. కెమెరా బూజు మీద కంటే ఆవిడ ముఖం మీద ఎక్కువ సేపు ఉండాలి. ఊరగాయ పెట్టే ఇళ్ళలో ఈ దృశ్యానికి వివరణ అక్కర్లేదు. ముక్కల మీద నూనె తేలుతూ ఉన్నంత కాలం బూజు రాదు. తడి గరిటె పెడితే నీటిచుక్క పడ్డ చోట ఉప్పు పలచబడి అక్కడ మొదలవుతుంది. కాబట్టి ఎవరో తడి గరిటె పెట్టారు. ఇంట్లో ఉన్నది ఇద్దరు.

"ఏమండీ, జాడీలో తడి గరిటె పెట్టారా?"

"నేనా? నేను జాడీ ముట్టుకుని ఎన్నాళ్ళయింది?"

"అదే అడుగుతున్నాను. ఎన్నాళ్ళయింది?"

ఈ మూడు వాక్యాల్లో తిట్టు లేదు. అయినా ఆవిడ వల వేసింది, ఆయన కాలు పెట్టాడు. చూసేవాడు నవ్వేది ఆయన అబద్ధానికి కాదు, ఆ వల ముప్పై ఏళ్ళుగా అదే చోట వేస్తున్నా ఆయన అదే చోట కాలు పెడుతున్నందుకు.

రెండు నుంచి తొమ్మిది నిమిషాలు. ఆరోపణ, మొదటి పద్దు. 'బాబు పుట్టిన ఏడు కూడా ఇలాగే జాడీ పాడుచేశారు.' ఇది చూసేవాడి చెవిన వేయడానికి ఒక్క వాక్యం చాలు, మళ్ళీ పదహారో నిమిషం దాకా ఎత్తకూడదు. ఈ లోపు ఇద్దరి చేతులకీ పని ఉండాలి. ఇది చాలామంది వదిలేసే సూత్రం. గాట్‌మన్ దగ్గరే ఇంకొక లెక్క ఉంది: నిలిచే జంటల్లో గొడవ నడుస్తున్నప్పుడు కూడా ఒక్క చేదుకి ఐదు మంచి చర్యలు కనిపిస్తాయట. డైలాగులో మంచి మాటలు పెడితే గొడవ చల్లారిపోతుంది. అందుకని చేతుల్లో పెట్టాలి. ఆవిడ తిడుతూనే ఆయన బీపీ మాత్ర, మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తుంది. ఆయన వాదిస్తూనే లేచి ఫ్యాను ఆవిడ వైపు తిప్పుతాడు. ఎవరూ దాన్ని గమనించినట్టు ఉండరు. నటులు దాన్ని 'చూపించాలని' చూస్తే చెడిపోతుంది.

తొమ్మిదో నిమిషంలో తలుపు చప్పుడు. పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) వస్తుంది, "కణ హెలా?" (ఏమైంది?) అంటూ. ప్రకటనల విరామం ఇక్కడ.

సాక్షి లేకపోతే గొడవ ఎదగదు. ఇద్దరే ఉంటే కాసేపటికి ఒకరు లేచి వెళ్ళిపోతారు. మూడో మనిషి ముందు గుట్టు కాపాడుకోవాలి, గెలవాలి కూడా. సంసారం గుట్టు అన్న సామెతని పట్టుకుని వేలాడే ఇద్దరు, ఆ గుట్టు విప్పకుండా ఎదుటివాణ్ణి ఓడించాలంటే పడే పాట్లే తొమ్మిది నుంచి పదహారు నిమిషాల దాకా. మావుసీ ఊరగాయ అడగడానికి వచ్చింది. బూజు పట్టిందని చెబితే వరలక్ష్మి పరువు పోతుంది. కాబట్టి జాడీ దాచాలి. దాచే పనిలో ఇద్దరూ ఒక్కటవుతారు. గొడవ మధ్యలో జంట ఒక్క జట్టు కావడం ఈ తరహా కామెడీలో అత్యంత మధురమైన ఘట్టం. ఎపిసోడ్‌కి ఒక్కసారి తప్పనిసరి.

పదహారు నుంచి ఇరవై. మావుసీ వెళ్ళింది. అలసిపోయారు. ఇప్పుడు పాత పద్దు తెరవాలి.

"బాబు పుట్టిన ఏడు ఆ జాడీ పాడుచేసింది నేను కాదు. మా అమ్మ."

"తెలుసు."

"తెలుసా? ఎప్పుడు?"

"ఆ రోజే చూశాను."

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకన్నావే?"

"అత్తయ్యని అనలేను కదండీ. మీరైతే పడతారు."

ఇక్కడ నవ్వు రావాలి, వెంటనే ఆగిపోవాలి. ఆయన తల్లినీ పెళ్ళాన్నీ కాపాడుకోడానికి నింద మోశాడు. ఆయన మోస్తున్నాడని ఆవిడకి తెలుసు. ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరు ఇన్నేళ్ళు దాచిపెట్టారు. 'మీరైతే పడతారు' అన్నది ఫిర్యాదులా వినిపించే నమ్మకం. పద్దు మొదటి నుంచీ కట్టుకుంటూ వస్తేనే ఈ వాక్యం పండుతుంది. రెండో నిమిషంలో వేసిన ఆ ఒక్క వాక్యం తీసేసి చూడండి, ఈ సన్నివేశం కూలిపోతుంది.

మరి ఈ ఏటి తడి గరిటె? చివరి రెండు నిమిషాలు దానికి. అది తర్వాత చెబుతాం.

రెండు భాషల ఇల్లు

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పుస్తకాల్లోకి వాడుక మాట రావాలని పోరాడారు. దాంపత్య హాస్యానికి అంతకంటే పెద్ద ఉపకారం ఎవరూ చేయలేదని నమ్ముతాం. గ్రాంథికంలో ఎవరూ మొగుణ్ణి దెప్పలేరు. ఇప్పటి సీరియళ్ళ భాషలోనూ అలాంటి ఇస్త్రీ ఉంది. 'నువ్వు నన్ను అర్థం చేసుకోవడం లేదు' అని బరంపురంలో ఏ ఇల్లాలూ అనదు. 'ఏటండీ, చెవిటి పెద్దమ్మకి చెప్పినట్టుంది నా బతుకు' అంటుంది.

సరిహద్దు ఇంట్లో భాష ఒక ఆయుధం కూడా. ఇచ్ఛాపురం నుంచి బంధువులొస్తే గొడవ ఒడియాలోకి మారుతుంది. పక్కింటివాళ్ళొస్తే తెలుగులోకి. ఇబ్బందేమిటంటే పక్కింటి మావుసీకి ఇరవై ఏళ్ళుగా వింటూ తెలుగు మొత్తం వచ్చేసింది, ఆ సంగతి ఆవిడ బయటపెట్టదు. బంధువులకి ఒడియా రాకపోయినా 'హఉ హఉ' (సరే సరే) అన్న తీరులోనే అంతా తెలిసిపోతుంది. రహస్య భాష రహస్యం కాదన్నది చూసేవాడికి ముందే తెలియాలి, జంటకి చివర తెలియాలి. ఈ వరస తిరగేస్తే నవ్వు పోతుంది.

రాతలో జాగ్రత్త ఒకటి. ఒడియా మాటలు ఎపిసోడ్‌కి పది పన్నెండు మించకూడదు, ప్రతిదీ సందర్భంలోనే అర్థం కావాలి. యాసని ఎగతాళి వస్తువు చేస్తే ఆ యాసలో పెరిగిన వాళ్ళు ఛానెల్ మార్చేస్తారు. ఉత్తరాంధ్ర మాటని నౌకరు పాత్రకి మాత్రమే ఇచ్చే అలవాటు మన తెరకి ఉంది. అది అన్యాయం. ఆ మాటలో దుకాణాలు నడుస్తున్నాయి, పెళ్ళిళ్ళు కుదురుతున్నాయి, జీవితాలు గడుస్తున్నాయి.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ముందు తిరస్కారం దగ్గర. 'గరిటె తుడవలేదు' అనడం ఫిర్యాదు. 'నీకు గరిటె తుడవడం కూడా రాదు, మీ వంశమే అంత' అనడం తిరస్కారం. కాపురాలు కూలడానికి అత్యంత గట్టి సూచన తిరస్కారమేనని గాట్‌మన్ చెప్పారు. తెర మీదా అంతే. మొదటిది వింటే చూసేవాడు నవ్వుతూ పక్కనున్న మనిషిని మోచేత్తో పొడుస్తాడు. రెండోది వింటే కళ్ళు తిప్పుకుంటాడు. చేయి చేసుకోవడం ఇంకా ఘోరం. అమెరికాలో 1955-56లో 39 ఎపిసోడ్లు వచ్చిన 'ది హనీమూనర్స్'లో బస్సు డ్రైవరు మొగుడు పిడికిలి చూపించి బెదిరించడం అప్పట్లో నవ్వించింది. కొట్టేవాడు కాదు, చివర్లో కౌగిలించుకునేవాడు. అయినా ఇవాళ ఆ పిడికిలి నవ్వించదు. మన తెర మీద చెంపదెబ్బని నవ్వుగా వాడే రాతలు ఇప్పటికీ వస్తున్నాయి. అవి మానాలి. అలాంటి ఇళ్ళలో కూర్చుని ఆ కార్యక్రమం చూస్తున్న ఆడవాళ్ళు ఉంటారు.

రెండోది, తెలివి ఒకవైపే పోగుపడడం. మొగుడు శుద్ధ మొద్దు, భార్య సర్వజ్ఞురాలు, లేదా భార్య సణుగుడు యంత్రం, మొగుడు బాధితుడు. ఐదు ఎపిసోడ్లకి విసుగొస్తుంది. 2004లో స్టార్ వన్‌లో వచ్చిన 'సారాభాయ్ వర్సెస్ సారాభాయ్'లో సతీశ్ షా వేసిన ఇంద్రవదన్, రత్నా పాఠక్ షా వేసిన మాయ సమ ఉజ్జీలు. ఆయన కవ్వింపులో దిట్ట, ఆవిడ చురకలో. ఎవరు గెలుస్తారో ముందే తెలియదు కాబట్టి ప్రతి సంభాషణా ఆటలా ఉంటుంది. ముఖ్యంగా ఆయన కవ్వించడంలో ఆవిడ మీద ఎంత ధ్యాస ఉందో కనిపిస్తుంది. పాతికేళ్ళ తర్వాత కూడా పెళ్ళాన్ని అంత శ్రద్ధగా గమనించే మొగుడు.

స్కిట్ల సంగతి వేరు. ఎనిమిది పది నిమిషాల్లో పద్దు కట్టే సమయం ఉండదు, అందుకని అందరికీ తెలిసిన మూస పద్దుని అరువు తెచ్చుకుంటారు: పుట్టింటికి పోయే భార్య, సంతోషించే మొగుడు. ఆడవేషం మగవాళ్ళు వేయడంతో దెబ్బలూ తిట్లూ తేలికగా కనిపిస్తాయి. దానికి దాని నవ్వు ఉంది. పాత కాపురం నవ్వు మాత్రం అందులో పుట్టదు.

అనువాదంలో చెడే తీరు ఆలోచించదగ్గది. రేమండ్ కథని 'సుమిత్ సంభాల్ లేగా' పేరుతో స్టార్ ప్లస్ 2015లో హిందీలో తీసింది. ఏడాది కూడా నడవలేదు. అమెరికా కథలో ఎదురింట్లో ఉండే అమ్మానాన్నలు తలుపు తట్టకుండా వచ్చేయడమే ఆక్రమణ. అక్కడ వేరు కాపురం హద్దు, దాన్ని దాటడం నేరం. మనకి అత్తమామలు వంటింట్లో ఉండడం నేరం కాదు, అది రోజువారీ బతుకు. హద్దు లేని చోట హద్దు దాటడం నవ్వు తేదు. మన ఇళ్ళలో హద్దు వేరే చోట ఉంది: బీరువా తాళం, కొడుకు జీతం సంగతి ముందు ఎవరికి చెప్పాడు, పండక్కి మొదటి ముద్ద ఎవరి చేతిది. ఆ హద్దు కనుక్కోకుండా సన్నివేశం ఎత్తుకొస్తే గుమ్మం ఇక్కడా గడప అమెరికాలోనూ ఉంటాయి.

రోజువారీ సీరియల్ చట్రం ఇంకొక అడ్డు. వారానికి ఐదారు రోజులు నడిపేవాళ్ళకి రేపటికి ఉత్కంఠ కావాలి, అంటే ఇవాళ తలుపు తెరుచుకోకూడదు. పాత కాపురం కామెడీకి ఆ రాత్రే తెరుచుకోవాలి. తలుపు వారాల తరబడి మూసి ఉంటే నవ్వు కరిగి ఏడుపవుతుంది. అందుకే ఇది వారానికి ఒక్కసారి వచ్చే కార్యక్రమానికి తగిన వస్తువు, ఇప్పుడైతే యూట్యూబ్ సిరీస్‌కి కూడా.

వెనక నుంచి అతికించే నవ్వుల శబ్దం గురించి రెండు ముక్కలు. 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ'ని నిజమైన మనుషుల ఎదుట, మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద తీశారు. ఆ జంట బయట కూడా భార్యాభర్తలే. నటులు ఆ నవ్వు ఆగేదాకా ఆగి తర్వాతి మాట అనేవారు. అతికించిన నవ్వుకి ఆ ఆగడం ఉండదు, మాట మీద పడుతుంది. 'మీరైతే పడతారు' లాంటి వాక్యం తర్వాత నవ్వు అతికిస్తే దాని వెనకున్న ముప్పై ఏళ్ళూ చెరిగిపోతాయి. అక్కడ నిశ్శబ్దం వదలాలి, కనీసం మూడు సెకన్లు.

చివరి రెండు నిమిషాలు

రసగోళ ఏదన్నది ఎపిసోడ్ రాయడం మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. అది కొన్న బహుమతి కాకూడదు. చీర, పువ్వులు, సినిమా టిక్కెట్లు అన్నీ వాడి వాడి అరిగిపోయాయి. గొడవలో ఉన్న వస్తువే రూపు మార్చుకుని తిరిగి రావాలి. సారీ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. తప్పు ఎవరిదో తేలినా తేలనట్టే ఉండాలి, లేకపోతే పై వారం గొడవకి సరుకు ఉండదు.

జాడీ దగ్గరికి వద్దాం. రాత్రి పదకొండు. వంటింట్లో దీపం. వరలక్ష్మి నిలబడి పెరుగన్నం తింటోంది. ఇప్పుడే కడిగిన గరిటె, నీళ్ళు కారుతున్నది, కొత్త జాడీ వైపు వెళ్తోంది. గుమ్మంలో అప్పలరాజు. ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోతుంది. ఆయన ఏమీ అనడు. దగ్గరికొచ్చి గరిటె తీసుకుని భుజం మీది తువ్వాలుతో ముందూ వెనకా తుడుస్తాడు, కాడ దాకా. ఒక ముక్క తీసి ఆవిడ కంచంలో వేస్తాడు. మూత పెట్టి వాసెన కడతాడు.

"ఉప్పు సరిపోయిందా బావా?"

"నాకెలా తెలుస్తుంది? నేను జాడీ ముట్టుకుని ఎన్నాళ్ళయింది."